ప్యానెల్ మీద పాఠం చెబితే పిల్లలు బాగా చూస్తున్నారు, మర్నాడు అడిగితే మాత్రం చెప్పలేకపోతున్నారు. లోపం ఎక్కడుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు తిరుపతిలో ఎం.ఎడ్. చదువుతున్నారు. ప్రాక్టీసు కోసం ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్ళి, పదో తరగతికి విద్యుత్తు పాఠం ప్యానెల్ (క్లాసులో నల్లబల్ల పక్కన ఉండే పెద్ద టచ్ స్క్రీన్) మీద చెప్పారు. స్లైడ్లు, యానిమేషన్లు, ఒక వీడియో అన్నీ సిద్ధం చేసుకున్నారు. పిల్లలు కళ్ళప్పగించి చూశారు, అబ్జర్వేషన్‌కి వచ్చిన మేడం కూడా బాగుందన్నారు. మర్నాడు నాలుగు ప్రశ్నలు వేస్తే క్లాసంతా తల దించుకుంది. ఇప్పుడు బోధనలో సాంకేతికత మీద మీ అనుభవాలతో ఒక రిపోర్టు రాయాలి. లోపం నాదా, పిల్లలదా, ప్యానెల్‌దా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: లోపం పాఠం ప్లాను మొదలైన చోట ఉంది. "ఏం చూపిద్దాం" అన్న దగ్గర ప్లాను మొదలైంది. "ఈ పాఠంలో పిల్లలు దేన్ని తప్పుగా అనుకుంటారు" అన్న దగ్గర మొదలై ఉంటే, ప్యానెల్‌తో పని బహుశా పది నిమిషాలే ఉండేది, ఆ పది నిమిషాలూ గట్టిగా పనిచేసేవి. పీరియడులో మిగతా 35 నిమిషాలు పిల్లలు మాట్లాడాలి, గీయాలి, వైర్లు కలపాలి, ఒకరితో ఒకరు వాదించుకోవాలి. తెర వాడేముందు పిల్లల చేత జవాబు ఊహించి చెప్పించండి. తెర ఆపాక వాళ్ళ మాటల్లో వివరణ చెప్పించండి. ఈ రెండూ లేకపోతే ఎంత మంచి యానిమేషన్ అయినా కళ్ళ ముందు నుంచి వెళ్ళిపోతుంది.

నా సంగతి క్లుప్తంగా. ఉమ్మడి చిత్తూరు జిల్లా హైస్కూళ్ళలో ఫిజికల్ సైన్స్ చెబుతూ వచ్చాను, మొదట పలమనేరు వైపు, తర్వాత తిరుపతి చుట్టుపక్కల. బి.ఎడ్. రెండేళ్ళ కోర్సయి, 20 వారాల ఇంటర్న్‌షిప్ వచ్చినప్పటి నుంచి మా బడికి వచ్చే ఛాత్రోపాధ్యాయులకు మెంటర్‌గా ఉంటున్నాను. వాళ్ళు పాఠం చెబుతుంటే చివరి బెంచీలో కూర్చుని వినడం నా పని. అక్కడ కూర్చుంటే తెర కంటే పిల్లల వీపులూ, చేతులూ, నోటు పుస్తకాలూ బాగా కనిపిస్తాయి.

పిల్లలు నిశ్శబ్దంగా తెర వైపు చూస్తుంటే పాఠం చెప్పేవాళ్ళకు ధైర్యం వస్తుంది. అది సహజమే. కానీ ఆ నిశ్శబ్దంలో ఒక్కో పిల్లవాడి తలలో ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. బొమ్మ కదులుతుంది, వెనుక మాట వినిపిస్తుంది, అంతా తేలిగ్గా ఉంటుంది. తేలిగ్గా ఉంది కాబట్టి తనకు అర్థమైందనే అనుకుంటాడు. మర్నాడు పుస్తకం మూసి అడిగేసరికి ఆ తేలికదనం మిగలదు. మీ క్లాసులో జరిగింది ఇదేనని నా నమ్మకం. దీనికి మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. ట్రైనింగ్‌లో మనకు ఉపకరణం వాడటం నేర్పినంతగా, పిల్లల తప్పు ఊహలను బయటికి లాగడం నేర్పరు.

మీరు చెప్పిన పాఠాన్నే తీసుకుందాం. ఒకే రకం బల్బులు రెండు శ్రేణిలో, అంటే ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్నాయి. రెండింట్లో ఏది ఎక్కువ వెలుగుతుంది? ఈ ప్రశ్న ఏ ఊళ్ళో వేసినా నాకు ఒకటే జవాబు వస్తుంది: "మొదటి బల్బే కరెంటు తినేస్తాది సార్, రెండోదానికి మిగిలిందే పోతాది." బాగా చదివే పిల్లలు కూడా ఇదే అంటారు. శ్రేణి సంధానంలో అన్నిచోట్లా విద్యుత్ ప్రవాహం సమానం అన్న వాక్యం వాళ్ళకు కంఠతా వచ్చి ఉంటుంది. పరీక్షలో రాస్తారు కూడా. ఆ వాక్యం ఒకవైపు, కరెంటు ఖర్చయిపోతుందన్న నమ్మకం ఇంకోవైపు, రెండూ ఒకే తలలో ఒకదాన్నొకటి తాకకుండా ఉంటాయి. ఇంట్లో "కరెంటు ఎక్కువ కాలుతోంది" అనే మాట రోజూ వినే పిల్లలు అలా అనుకోవడంలో వింతేముంది? మనం చెప్పాల్సిన పాఠమంతా ఈ ఒక్క ముడి దగ్గరే ఉంది.

కాబట్టి క్లాసు ఇలా నడుపుతాను. ముందు బల్ల మీద రెండు టార్చి బల్బులు, రెండు సెల్లులు, వైరు పెడతాను. స్విచ్ వేయకముందే ప్రతి ఒక్కరూ చిన్న కాగితం మీద జవాబు, పక్కన కారణం రాయాలి. రాసిన కాగితం మడిచి దగ్గర పెట్టుకోవాలి. ఇలా రాయించడం చాలా ముఖ్యం. కాగితం మీద పెట్టిన మాట తనది. అది తప్పయితే ఎందుకు తప్పయిందో తెలుసుకోవాలని ఆ పిల్లవాడికే ఉంటుంది. తర్వాత స్విచ్ వేస్తాం.

ప్యానెల్ నిజంగా అవసరమయ్యేది ఇక్కడే. ఒకే రకం అని కొన్న టార్చి బల్బులు రెండూ సరిగ్గా ఒకేలా ఉండవు. ఒకటి కొంచెం మందంగా వెలుగుతుంది. అది రెండో బల్బే అయిందనుకోండి, "చూశారా సార్, నేను చెప్పలే?" అంటారు. నిజమైన ప్రయోగమే తప్పు నమ్మకానికి సాక్ష్యం చెప్పినట్టవుతుంది. బల్బుల చోట్లు మార్చి చూపించవచ్చు, తప్పకుండా చూపించాలి కూడా. మందంగా వెలిగే బల్బును ముందుకు తెచ్చినా అది మందంగానే ఉంటుంది కాబట్టి కొందరికి అనుమానం మొదలవుతుంది. ఆ అనుమానం పుట్టాకే ఫెట్ సిమ్యులేషన్ తెరుస్తాను.

ఫెట్ అంటే అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్ వాళ్ళు తయారుచేసిన ఉచిత సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాలు. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో ఈ పని మొదలుపెట్టారు. అందులో డీసీ వలయాలు కట్టుకునే కిట్ ఒకటి ఉంది. 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓముల బల్బు ఒకటి తగిలిస్తే అమ్మీటరు 0.90 ఆంపియర్లు చూపిస్తుంది. రెండో 10 ఓముల బల్బును శ్రేణిలో కలిపితే 0.45కు పడిపోతుంది. అమ్మీటరును మొదటి బల్బు ముందు పెట్టినా, రెండింటి మధ్య పెట్టినా, చివర పెట్టినా అదే 0.45. ఇక్కడ బల్బులు రెండూ అచ్చంగా ఒకటే, బజారు తేడాలు లేవు. వైరులో ఎలక్ట్రాన్లు అన్నిచోట్లా ఒకే వేగంతో కదులుతుండడం కంటికి కనిపిస్తుంది. ఇది నల్లబల్ల మీద నేను చూపించలేనిది. ప్యానెల్ దగ్గరికి పిల్లలనే పిలిచి అమ్మీటరు చోటు మార్పిస్తాను. మార్చేముందు మళ్ళీ "ఎంత చూపిస్తాది?" అని క్లాసును అడుగుతాను.

అంతటితో ప్యానెల్ ఆపేయాలి. మడిచిన కాగితాలు విప్పించి, "మీరు రాసిన కారణంలో ఏ మాట మారాలి?" అని అడగండి. "కరెంటు దారి మధ్యలో తగ్గదు సార్, రెండో బల్బు కలిపినప్పుడు మొత్తంగానే తగ్గింది, అందుకే రెండూ మందంగా వెలుగుతున్నాయి" అని ఏ మూల నుంచో ఒకరు అంటారు. ఆ వాక్యం వాళ్ళ నోటి నుంచి రావడం కోసమే ఇదంతా. అప్పుడు ఖర్చయ్యేదేమిటి అన్న ప్రశ్న వాళ్ళే వేస్తారు. శక్తి, పొటెన్షియల్ తేడా గురించి చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

సిమ్యులేషన్ కూడా కొత్త తప్పులు పుట్టిస్తుంది, అది మీ రిపోర్టులో తప్పక రాయండి. తెర మీద ఎలక్ట్రాన్లు గోళీల్లా మెల్లగా దొర్లుతూ పోతుంటే, అవి బ్యాటరీ నుంచి బయల్దేరి బల్బు దాకా వచ్చాకే బల్బు వెలుగుతుందని పిల్లలు అనుకుంటారు. నిజానికి రాగి తీగలో ఎలక్ట్రాన్ల సగటు వేగం సెకనుకు ఒక మిల్లీమీటరో, అంతకంటే తక్కువో ఉంటుంది. అయినా స్విచ్ వేయగానే బల్బు వెలుగుతుంది, ఎందుకంటే తీగంతా ముందే ఎలక్ట్రాన్లు ఉన్నాయి, స్విచ్ వేయగానే అన్నీ దాదాపు ఒకేసారి కదలడం మొదలుపెడతాయి. ఈ మాట సిమ్యులేషన్ దానంతటది చెప్పదు, టీచరే చెప్పాలి.

మీరు ఎం.ఎడ్. కాబట్టి సిద్ధాంతం కూడా కావాలి. 1983లో రిచర్డ్ క్లార్క్ అనే పరిశోధకుడు ఒక మాట అన్నాడు: మాధ్యమం పాఠాన్ని మోసుకొచ్చే బండి మాత్రమే, సరుకులు తెచ్చిన లారీ వల్ల మన పోషణ ఎలా మారదో, పాఠం తెచ్చిన మాధ్యమం వల్ల చదువు అలాగే మారదు. చదువును మార్చేది బోధనా పద్ధతి అని ఆయన వాదం. తర్వాత రాబర్ట్ కోజ్మా దీనికి అభ్యంతరం చెప్పాడు. కొన్ని మాధ్యమాలకు ఉన్న ప్రత్యేక గుణాల వల్ల కొన్ని రకాల ఆలోచన సాధ్యమవుతుందని, బోధనా పద్ధతినీ మాధ్యమాన్నీ విడదీసి చూడలేమని ఆయన అన్నాడు. ఈ వాదం ఇంకా తీరలేదు. నా మటుకు నాకు, మన బడుల్లో ప్యానెల్ మీద జరిగే పాఠాల్లో ఎక్కువ భాగానికి క్లార్క్ మాటే వర్తిస్తుంది. నల్లబల్ల మీద రాసేదే అక్కడ రంగుల్లో కనిపిస్తుంది, అంతే. పైన చెప్పిన వలయం లాంటి కొద్ది చోట్ల మాత్రం కోజ్మా చెప్పింది నిజం. ఆ కొద్ది చోట్లు ఏవో గుర్తుపట్టడమే మీరు నేర్చుకోవాల్సిన విద్య.

టీపాక్ గురించి మీకు తెలిసే ఉంటుంది. 1986లో లీ షుల్మన్ అనే విద్యా పరిశోధకుడు విషయ జ్ఞానం వేరు, దాన్ని ఫలానా పిల్లలకు ఫలానా విధంగా చెప్పే జ్ఞానం వేరు అన్నాడు. 2006లో పుణ్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్ దానికి సాంకేతికతను కలిపి టీపాక్ అనే చట్రం ఇచ్చారు: విషయం, బోధన, సాంకేతికత అనే మూడు జ్ఞానాలు అందులో మూడు వృత్తాలు. ఛాత్రోపాధ్యాయులు ఆ మూడు వృత్తాల బొమ్మ గీసి, మధ్యలో కలిసిన భాగానికి రంగు వేసి, అక్కడితో వదిలేస్తారు. బొమ్మ మార్కులకు సరిపోతుంది. దాని సారం మాత్రం "కరెంటు తినేస్తాది" అన్న ఆ పిల్లవాడి మాటలో ఉంది. ఆ మాట వస్తుందని ముందే తెలియడం బోధనా జ్ఞానం. దానికి ఏ సిమ్యులేషన్‌లో ఏ మీటరు ఎక్కడ పెట్టాలో తెలియడం ఆ మూడూ కలిసిన చోటు. మీ రిపోర్టులో బొమ్మతో పాటు ఇలాంటి ఒక్క ఉదాహరణ ఉంటే చదివేవాళ్ళకు మీరు పనిచేశారని తెలుస్తుంది.

స్లైడ్ల గురించి. నేను చూసిన పాఠాల్లో ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఇదే. పేరాలు పేరాలు స్లైడ్ మీద పెట్టి, అవే వాక్యాలు పైకి చదువుతారు. పక్కనే ఒక బొమ్మ కదులుతుంటుంది. రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి దీని మీద ప్రయోగాలు చేశాడు. బొమ్మ, మాట చాలు, అదే మాటను తెర మీద అక్షరాల్లో కూడా పెడితే నేర్చుకోవడం చాలాసార్లు తగ్గుతుందని తేల్చాడు. ఒకేసారి బొమ్మనూ చూసి, అక్షరాలనూ చదవడం కంటికి సాధ్యం కాదు. కానీ దీనికొక మినహాయింపు ఉంది, అది మన పిల్లలకే వర్తిస్తుంది. వినే భాష సొంత భాష కానప్పుడు, తెర మీద కొద్దిపాటి మాటలు సాయపడతాయి. మన పిల్లలు ఇంగ్లీషు మీడియంలో ఉన్నారు, ఒక పేజీ ఇంగ్లీషు ఒక పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు చూసినవాళ్ళు, ఇంట్లో మాట్లాడేది తెలుగు లేదా తమిళం. అందుకని వాక్యాలన్నీ తీసేసి, "రెసిస్టెన్స్ – నిరోధం" లాంటి ముఖ్యమైన మాటలు రెండు భాషల్లో బొమ్మ పక్కనే పెట్టండి. మిగతాది మీ గొంతులో చెప్పండి. వీడియోలో వేగంగా మాట్లాడే ఇంగ్లీషు గొంతు ఉంటే సౌండు ఆపేసి, మీరే తెలుగులో చెప్పండి. పిల్లలు మీ ముఖం చూసి వింటారు.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. నగరి, సత్యవేడు వైపు, ఇటు గుడిపాల దగ్గర బడుల్లో ఇంట్లో తమిళం మాట్లాడే పిలకాయలు చాలామంది. కుప్పంలో తమిళంతో పాటు కన్నడం కూడా. వీడియో చూశాక జతలుగా కూర్చోబెట్టి, "మీ ఇంట్లో మాట్లాడే భాషలో పక్కవాడికి చెప్పు" అనండి. ఆ రెండు నిమిషాలు క్లాసులో గోల అవుతుంది, అవనివ్వండి. ఇంగ్లీషులో మూగగా కూర్చున్న పిల్ల తమిళంలో వలయం మొత్తం వివరించడం నేను చూశాను. ఆ పిల్లకు విషయం వచ్చు, మాటలు రాలేదు. ఈ తేడా మీకు ప్యానెల్ చెప్పదు, స్లిప్ టెస్టూ చెప్పదు.

అందరి జవాబూ ఒకేసారి కనిపించాలి. చెయ్యెత్తమంటే ఎప్పుడూ ఆ ఐదారుగురే ఎత్తుతారు. దీనికి ప్లికర్స్ అనే పద్ధతి బాగుంటుంది. ప్రతి పిల్లవాడికీ ఒక కాగితం కార్డు ఇస్తాం. దాని మీద గళ్ళ గుర్తు ఉంటుంది, ఒక్కొక్కరిది ఒక్కో రకం. ఏ అంచు పైకి పట్టుకుంటే అది ఎ, బి, సి, డిలలో ఒక జవాబు. టీచరు తన ఫోను కెమెరాను గది అంతా ఒకసారి తిప్పితే ఎవరు ఏం ఎంచుకున్నారో నమోదవుతుంది. పిల్లల దగ్గర ఏ పరికరమూ అక్కర్లేదు. గుర్తులు వేరువేరు కాబట్టి పక్కవాడి కార్డు చూసి తిప్పడం కష్టం. ఫోను కూడా వద్దనుకుంటే అట్టముక్కల మీద నాలుగు అక్షరాలు రాయించి ఎత్తమనండి, సగం పైగా ప్రయోజనం దానితోనే వస్తుంది. ఫోను వల్ల అదనంగా వచ్చేది లెక్క: ఏ పిల్లవాడు ఏ తప్పు ఎంచుకున్నాడో మర్నాటికి మీ దగ్గర ఉంటుంది. రిపోర్టు రాసేవాళ్ళకు అది బంగారం. అయితే తప్పు ఎంపికలు ఊరికే పెట్టొద్దు, పిల్లలు నిజంగా అనుకునే తప్పులే పెట్టాలి. "మొదటి బల్బు ఎక్కువ వెలుగుతుంది" అన్న ఎంపిక లేని ప్రశ్న ఈ పాఠంలో దండగ.

ఇక పనికొచ్చే చిన్న విషయాలు. బడిలో నెట్ ఉంటుందని నమ్ముకుని వెళ్ళకండి. ఫెట్ సిమ్యులేషన్లు ఒక్కో ఫైలుగా దిగుతాయి, పెన్‌డ్రైవులో పెట్టుకుంటే నెట్ లేకున్నా బ్రౌజరులో నడుస్తాయి. లెక్కల వాళ్ళకు జియోజీబ్రా (తెర మీద బొమ్మలు గీసి కదిలించే లెక్కల సాఫ్ట్‌వేర్) కూడా నెట్ లేకుండా పనిచేస్తుంది. ముందురోజు సాయంత్రం ఆ గదిలోనే ఒకసారి నడిపి చూసుకోండి, చివరి బెంచీలో మీరే కూర్చుని అక్షరాలు కనిపిస్తున్నాయేమో చూడండి. పడమటి కిటికీ ఉన్న గదుల్లో మధ్యాహ్నం పీరియడ్లలో తెర మీద ఎండ పడి ఏమీ కనిపించదు. కరెంటు పోతే పాఠం ఆగకూడదు. అందుకే బల్ల మీద సెల్లులూ బల్బులూ ముందు ఉండాలంటున్నాను. పిల్లల పేర్లు, ఫోటోలు అడిగే యాప్‌లు వాడొద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. కార్డులకు రోల్ నంబర్లు చాలు.

జియోజీబ్రా మాటెత్తాను కాబట్టి, మా బడిలో లెక్కల టీచరు ఒకావిడ చేసింది చెప్పాలి. అర్ధవృత్తంలోని కోణం లంబకోణమని చెప్పడానికి ఆవిడ తెర ముందు వేయలేదు. ప్రతి పిల్లా తన పుస్తకంలో వృత్తం గీసి, వ్యాసం గీసి, వృత్తం మీద తనకిష్టమైన చోట బిందువు పెట్టి కోణమానినితో కొలిచింది. 88 వచ్చినవాళ్ళున్నారు, 91 వచ్చినవాళ్ళున్నారు, 90 వచ్చినవాళ్ళు ఎక్కువ. అన్నీ బోర్డు మీద రాశాక "ఎవరి బిందువు ఎక్కడున్నా ఇంతే ఎందుకు?" అని అడిగింది. ఆ తర్వాతే జియోజీబ్రాలో బిందువును వృత్తం చుట్టూ లాగించింది. తెర మీద 90 కదలకుండా నిలబడేసరికి క్లాసంతా ముందుకు వంగింది. అప్పటికే ఆ ప్రశ్న వాళ్ళదైపోయింది. నిరూపణ ఎందుకు కావాలో ఆ రోజు ఆవిడ వేరే చెప్పనవసరం లేకపోయింది.

టెక్నాలజీ అంటే తెర ఒక్కటే అనుకోకండి. ఇది మన నేలకు బాగా తెలిసిన సంగతి. మదనపల్లె దగ్గర ఋషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వాళ్ళు ఒకే టీచరు, అనేక తరగతులు ఉండే పల్లె బడుల కోసం కార్డులతో ఒక పద్ధతి తయారుచేశారు. పాఠ్యాంశాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, గోడ మీద ఒక నిచ్చెనలా చూపించి, ఏ మెట్టులో ఏ కార్డు చేయాలో గుర్తులతో సూచించారు. పిల్ల తనే నిచ్చెన చూసుకుని, కార్డు తీసుకుని, తన వేగంతో ముందుకెళ్తుంది. కర్ణాటకలో 'నలి కలి' పద్ధతికి, తమిళనాడులో కార్యకలాపాల ఆధారిత బోధనకు స్ఫూర్తినిచ్చింది ఇదే. కరెంటు అక్కర్లేని ఈ ఏర్పాటులో ఇవాళ మనం కంప్యూటర్ల నుంచి కోరుకునే లక్షణాలు చాలా ఉన్నాయి: ఎవరి వేగం వాళ్ళది, ఎక్కడున్నామో ఎప్పటికప్పుడు తెలుస్తుంది, టీచరు సమయం అవసరమైన పిల్లవాడికి మిగులుతుంది. అలాగే కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్ళ సైన్సు వ్యాన్లు పల్లెలకు ప్రయోగ సామగ్రిని మోసుకెళ్తాయి. వీలైతే ఈ రెండు చోట్లకూ వెళ్ళి చూసి రండి. తిరుపతి నుంచి మరీ దూరం కాదు, మీ రిపోర్టుకు అంతకంటే మంచి స్థానిక ఆధారం దొరకదు.

చరిత్ర కూడా కొంచెం పెట్టండి. 1975–76లో సైట్ ప్రయోగంలో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందాయి. వాటిలో మన రాష్ట్రం ఒకటి. 2004 సెప్టెంబరు 20న ఎడ్యుశాట్‌ను మన శ్రీహరికోట నుంచే ప్రయోగించారు, అది పూర్తిగా చదువుల కోసం పంపిన ఉపగ్రహం. 2017లో డిజిటల్ పాఠాల కోసం దీక్ష అనే ఆన్‌లైన్ వేదిక వచ్చింది, పాఠ్యపుస్తకాల్లోకి క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు, ఆ తర్వాత హైస్కూలు గదుల్లోకి ప్యానెళ్ళు వచ్చాయి. ప్రతిసారీ పరికరం బడికి చేరింది. చేరిన తర్వాత దానితో ఏ పాఠంలో ఏ ముడి విప్పాలి అన్న పని మాత్రం ప్రతిసారీ టీచరు మీదే పడింది. టీచరు ట్రైనింగులో మొదట బటన్లు నేర్పుతారు, అది అవసరమే. దానికి రెట్టింపు సమయం ఒక్కో పాఠంలో పిల్లల తప్పు ఊహల మీద పెడితే తప్ప ఖర్చుకు ఫలితం రాదని నేను గట్టిగా నమ్ముతాను. మీరు రేపు బి.ఎడ్. కాలేజీలో లెక్చరరు అయితే ఈ మార్పు మీ చేతుల్లో ఉంటుంది.

రిపోర్టు ఎలా రాయాలి? ఏ యాప్ వాడారు, ఎన్ని స్లైడ్లు చేశారు, పిల్లలు ఎంత ఉత్సాహంగా ఉన్నారు అని రాస్తే అది మీ శ్రమ వివరణ అవుతుంది. పిల్లలు ఏం అనుకుని వచ్చారు, ఏ క్షణంలో ఏ మాట మారింది, ఎవరికి మారలేదు అని రాయండి. ఆ మడిచిన కాగితాలను పారేయకండి, పేర్లు కొట్టేసి నాలుగైదు అతికించండి. పాఠం ముగిసిన వెంటనే అడిగిన ప్రశ్నల ఫలితాన్ని మాత్రం ఎక్కువ నమ్మకండి. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో పాఠాన్ని మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. రెండు రోజుల తర్వాత, వారం తర్వాత చూస్తే, చదివాక గుర్తు తెచ్చుకుని రాయడం సాధన చేసినవాళ్ళు ముందున్నారు. అందుకే అదే ప్రశ్నను వారం తర్వాత, బొమ్మ కొద్దిగా మార్చి, మళ్ళీ పెట్టండి. ఈసారి మూడు బల్బులు పెట్టి, మధ్యదాని గురించి అడగండి. ఆ రెండు ఫలితాల మధ్య తేడా మీ రిపోర్టుకు వెన్నెముక అవుతుంది. పిల్లలకు కూడా ఆ రెండో పరీక్షే ఒక పాఠం.

మర్నాడు పిల్లలు జవాబు చెప్పలేదన్న సంగతి దాచకుండా రాయండి. మీ గైడ్ తప్పుపడతారని భయపడొద్దు. ఆ మౌనం నుంచి మీరు మీ ప్లానును ఎలా మార్చుకున్నారో, మార్చాక ఏమైందో రాస్తేనే అది స్వీయ పరిశీలన. "పాఠం విజయవంతంగా ముగిసింది" అన్న వాక్యం ప్రతి రికార్డులోనూ ఉంటుంది, దాని నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు.

ఇప్పుడు చాలామంది లెసన్ ప్లాన్లు ఏఐ చేత రాయించుకుంటున్నారు. ప్రశ్నల నమూనాల కోసం, ఒకే విషయాన్ని సులువైన తెలుగులో చెప్పే మార్గాల కోసం వాడుకోండి, అభ్యంతరం లేదు. కానీ అది ఇచ్చిన ప్రతి సైన్సు వాక్యాన్నీ పుస్తకంతో సరిచూసుకోవాలి. మీ క్లాసులోని పిల్లలు ఏమన్నారో దానికి తెలియదు, అది మీరు విని రాసుకోవాల్సిందే. రిపోర్టు మాత్రం మీ చేత్తో రాయండి.

తర్వాత మీరు కాంతి పాఠం చెప్పబోతున్నారని కూడా రాశారు. అక్కడ ముడి ఇది: కుంభాకార కటకం సగాన్ని అట్టతో మూస్తే ప్రతిబింబం ఎలా ఉంటుంది? దాదాపు అందరూ సగం ప్రతిబింబమే వస్తుందంటారు. దీనికి ప్యానెల్ వద్దు. కొవ్వొత్తి, కటకం, తెల్ల కాగితం చాలు. కిటికీ తలుపులు మూసి, ముందు ఊహలు రాయించి, అప్పుడు సగం మూయండి. మంట మొత్తం కనిపిస్తుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది. ఎందుకో వాళ్ళు కాసేపు వాదించుకున్నాక, మంటలోని ఒక్కో బిందువు నుంచి కటకం అంతటా కిరణాలు పడతాయని చూపించడానికి కిరణ చిత్రం కావాలి. ఆ కిరణాలను ఒక్కొక్కటిగా కదిలించి చూపించడానికి అప్పుడు ప్యానెల్ తెరవండి, ఫెట్‌లో దానికి తగిన సిమ్యులేషన్ ఉంది. ఆ పాఠం అయ్యాక పిల్లల కాగితాల్లో ఏం వచ్చిందో రాయండి, వాటి మీద ఇంకా వివరంగా మాట్లాడదాం.